చంటిబిడ్డతో యూనివర్సిటీ: విద్యార్థులు, సిబ్బంది, అధ్యాపకులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇవన్నీ నన్ను ఎవరో ఒకరు అడిగిన ప్రశ్నలే. నేను పీహెచ్‌డీ చేస్తుండగా మా పాప పుట్టింది. ఇప్పుడు యూనివర్సిటీలోనే పాఠాలు చెబుతున్నాను. అందుకని ఏ స్కాలర్‌కు ఏడో నెల వచ్చినా, ఎవరైనా చంటిబిడ్డతో కొత్తగా ఉద్యోగంలో చేరినా నా గదికి వచ్చి కూర్చుంటారు. చెప్పడానికి నాకెప్పుడూ ఇష్టమే. కానీ రాత్రి బిడ్డకు పాలిస్తూ, రేపెలా అని ఫోన్‌లో వెతుక్కునే తల్లికి ఇదంతా ఒకచోట దొరికితే బాగుంటుందని రాస్తున్నాను. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ యూనివర్సిటీల్లో ఉన్నవాళ్లను మనసులో పెట్టుకుని రాసినది ఇది.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

గర్భంతో ఉన్న ఐదో నెలలో. చాలామంది సెలవు అయిపోయే ముందు వారం డే కేర్ కోసం తిరగడం మొదలుపెడతారు. అప్పుడు దొరికినదానితో సరిపెట్టుకోవాలి. ఐదో నెలలోనైతే తిరిగే ఓపిక ఉంటుంది, నచ్చకపోతే వద్దనుకునే వీలూ ఉంటుంది. సెలవు లెక్క, డబ్బు లెక్క, మనిషి లెక్క మూడూ ఒకే కాగితం మీద వేసుకోండి. మనిషి లెక్క అంటే సోమవారం నుంచి శనివారం దాకా, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు వరకు బిడ్డ ఎవరి చేతుల్లో ఉంటుందో గంటగంటకీ రాసుకోవడం. నేనలా రాసుకున్నప్పుడు బుధవారం మధ్యాహ్నం రెండు గంటలు ఖాళీగా కనబడింది. రాయకపోయి ఉంటే ఆ రెండు గంటల సంగతి ఆ బుధవారమే తెలిసేది.

యూనివర్సిటీ క్రెష్ పెట్టాలని రూల్ ఏమైనా ఉందా?

ఉంది. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించినప్పుడు, 50 మంది, అంతకు పైన ఉద్యోగులున్న సంస్థలు క్రెష్ (ఉద్యోగుల పసిపిల్లల్ని పగటిపూట చూసుకునే చోటు) ఏర్పాటు చేయాలన్న నిబంధన చేర్చారు. తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. విశ్రాంతి సమయం కూడా ఆ నాలుగింటిలో భాగమే. ఉద్యోగంలో చేరేటప్పుడే ఈ సౌకర్యాల గురించి ప్రతి మహిళకూ రాతపూర్వకంగా తెలియజేయాలని కూడా అందులో ఉంది. ఆ కాగితం అందుకున్నవాళ్లు నాకు ఇంతవరకు ఒక్కరూ ఎదురుపడలేదు. ఆ చట్టం స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోనూ క్రెష్ నిబంధన ఉంది.

యూనివర్సిటీలో వందల మంది పనిచేస్తారు. కాబట్టి అడగడానికి నామోషీ అక్కర్లేదు. మీరు వేడుకోవడం లేదు, చట్టం చెప్పినది గుర్తు చేస్తున్నారు. నోటితో మాత్రం అడగకండి. అర్జీ రాసి తపాలు సెక్షన్‌లో ఇచ్చి, మీ కాపీ మీద ఇన్‌వర్డ్ నంబరు (కాగితం అందినట్టు వేసే నంబరు), తేదీ వేయించుకోండి. నోటిమాటకు ‘చూద్దామమ్మా’ అంటే సరిపోతుంది. ఇన్‌వర్డ్ నంబరు పడ్డ కాగితానికి ఎవరో ఒకరు జవాబు రాయాల్సి వస్తుంది.

క్రెష్ ఉద్యోగుల పిల్లలకేనా? స్కాలర్ల పిల్లల్ని తీసుకోరా?

చట్టం మాట్లాడేది ఉద్యోగుల గురించే. విద్యార్థులను తీసుకోవాలా వద్దా అన్నది యూనివర్సిటీ పెట్టుకున్న నియమాన్ని బట్టి ఉంటుంది. సీట్లు మిగిలితే ఇస్తామనే చోట్ల స్కాలర్లు ఎప్పుడూ చివర్లోనే ఉంటారు. ఇది అన్యాయమని నా గట్టి అభిప్రాయం. పొద్దున్నుంచి రాత్రి దాకా ల్యాబ్‌లో ఉండే స్కాలర్ బిడ్డకూ, ప్రొఫెసర్ బిడ్డకూ ఆకలీ నిద్రా ఒకటే. ఫెలోషిప్ మీద బతికేవాళ్లకు బయటి డే కేర్ ఫీజు మరీ భారం. అర్జీ పెట్టేటప్పుడు ‘ఉద్యోగులు, విద్యార్థుల పిల్లలకు’ అని కలిపే రాయండి. తర్వాత చేర్పించడం కష్టం.

నేను పీహెచ్‌డీ స్కాలర్‌ని. ఎన్ని రోజుల సెలవు దొరుకుతుంది?

యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం మహిళా స్కాలర్లకు కోర్సు మొత్తమ్మీద 240 రోజుల వరకు ప్రసూతి సెలవు లేదా శిశు సంరక్షణ సెలవు ఇవ్వొచ్చు. గడువు విషయంలోనూ వెసులుబాటు ఉంది. మామూలుగా ఆరేళ్లు, రీ-రిజిస్ట్రేషన్‌తో ఎనిమిదేళ్లు. మహిళలకు, 40 శాతం పైన వైకల్యం ఉన్నవారికి మరో రెండేళ్లు, అంటే మొత్తం పదేళ్ల వరకు అవకాశం ఉంది.

ఇక్కడ స్కాలర్లు చేసే పొరపాటు ఒకటుంది. గైడ్ మంచివారైతే, ‘ఇంటి దగ్గరే ఉండి రాసుకో, నేను చూసుకుంటాలే’ అంటారు. సెలవు పెట్టకుండానే ఆరు నెలలు గడిచిపోతాయి. ఆ తర్వాత ప్రోగ్రెస్ రిపోర్ట్‌లో ఆ ఆరు నెలల పని ఏదని అడిగితే చూపించడానికేమీ ఉండదు. గైడ్ మంచితనం మీకు అండ, కానీ రికార్డు కాదు. సెలవు అర్జీ పెట్టి, మంజూరైనట్టు ప్రొసీడింగ్స్ (ఉత్తర్వు కాగితం) చేతికి తీసుకోండి. ఫెలోషిప్ ఆగకుండా ఉండాలంటే ఆ ప్రొసీడింగ్స్ కాపీ ఫెలోషిప్ సెక్షన్‌కూ పంపాలి. ఫెలోషిప్ ఇచ్చేవారిలో ఎవరి నిబంధన వారిదే కాబట్టి, సెలవు రోజుల డబ్బు గురించి ముందే అడిగి తెలుసుకోండి.

పీజీ, బీఎడ్, ఎంఎడ్ చదివేవాళ్ల సంగతేమిటి? అటెండెన్స్ తగ్గితే?

2021 డిసెంబర్‌లో యూజీసీ అన్ని యూనివర్సిటీలకు లేఖ రాసింది. డిగ్రీ, పీజీ చదివే మహిళలకు ప్రసూతి సెలవు, అటెండెన్స్ సడలింపు, పరీక్ష ఫారాల గడువు పొడిగింపు వంటి వాటికి తగిన నియమాలు చేసుకోవాలని అందులో కోరింది. చేసుకున్న యూనివర్సిటీలు ఉన్నాయి, చేసుకోనివీ ఉన్నాయి. మీ దగ్గర నియమం లేకపోతే ఆ లేఖనే జతచేసి అర్జీ పెట్టండి. ఉత్తరప్రదేశ్‌లో ఎంఎడ్ చదువుతున్న ఒక విద్యార్థినికి ప్రసూతి సెలవు నిరాకరిస్తే, 2023లో ఢిల్లీ హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసి మళ్లీ పరిశీలించమని ఆదేశించింది. చదువా, పిల్లలా అని ఎంచుకోవాల్సిన స్థితిలోకి ఆడవాళ్లను నెట్టకూడదన్నది ఆ తీర్పు సారాంశం.

పర్మనెంట్ ఉద్యోగిని. మెటర్నిటీ లీవ్ అయిపోయాక ఏముంది?

చైల్డ్ కేర్ లీవ్. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల నిబంధనలు పాటించే సంస్థల్లో సర్వీసు మొత్తంలో 730 రోజులు, మొదటి ఇద్దరు పిల్లలకు 18 ఏళ్లు నిండే వరకు. మొదటి 365 రోజులకు పూర్తి జీతం, తర్వాతి 365 రోజులకు 80 శాతం. దివ్యాంగులైన పిల్లల విషయంలో వయసు పరిమితి లేదు. ఒక్కోసారి కనీసం ఐదు రోజులైనా తీసుకోవాలి. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు లెక్క వేరు. తెలంగాణలో 90 రోజులు. ఆంధ్రప్రదేశ్‌లో 60 రోజులుగా ఉన్నదాన్ని 2022లో 180 రోజులు చేశారు. మీ యూనివర్సిటీ ఏ నిబంధనను పాటిస్తోందో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో అడగండి. టీచింగ్‌కు ఒకటి, నాన్‌టీచింగ్‌కు ఒకటి ఉండొచ్చు.

ఈ సెలవును అంతా పసితనంలోనే వాడేయొద్దని నా సలహా. పదో తరగతి, ఇంటర్ పరీక్షలప్పుడు, పెద్ద జబ్బు చేసినప్పుడు దీని విలువ తెలుస్తుంది. అలాగని దాచుకుంటూ కూర్చుని బిడ్డకు అవసరమైన రోజున వాడకపోవడమూ తప్పే.

సెలవు మంజూరు చేసే అధికారి అప్పుడప్పుడు ‘ఇది హక్కేం కాదమ్మా’ అంటారు. నిబంధనలో ఆ మాట ఉన్న సంగతి నిజమే. కానీ 2024లో సుప్రీంకోర్టు ముందుకు హిమాచల్‌ప్రదేశ్ ప్రభుత్వ కాలేజీలో పనిచేసే ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ కేసు వచ్చింది. ఆమె కొడుక్కి పుట్టుకతోనే ఎముకల జబ్బు. చూసుకోవడానికి ఆమెకు సెలవులు మిగల్లేదు. ఉద్యోగాల్లో మహిళల భాగస్వామ్యం ఎవరో ఇచ్చే వెసులుబాటు కాదని, అది రాజ్యాంగం కోరేదని కోర్టు అక్కడ చెప్పింది. ఆ మాట గుర్తుపెట్టుకోండి, మర్యాదగానే చెప్పండి.

గెస్ట్ ఫ్యాకల్టీ, కాంట్రాక్ట్, అవుట్‌సోర్సింగ్ వాళ్లకు ఇవేమీ వర్తించవా?

ఎక్కువ బాధపడేది వీళ్లే. గంటల లెక్కన జీతం తీసుకునే గెస్ట్ ఫ్యాకల్టీ ప్రసవానికి వెళితే తిరిగొచ్చేసరికి ఆ వర్క్‌లోడ్ ఇంకొకరికి వెళ్లిపోయి ఉంటుంది. హాస్టల్ ఊడ్చే అక్కలు, మెస్‌లో పనిచేసే అమ్మలు బిడ్డను చెట్టు కింద పడుకోబెట్టి పనిచేయడం నేను చూశాను. 1961 చట్టమే ‘నేరుగా గానీ, ఏజెన్సీ ద్వారా గానీ’ పనిచేసే మహిళ అని స్పష్టంగా చెప్పింది. ప్రసవానికి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవుకు అర్హత ఉంటుంది. జీతం నెలకు 21 వేల లోపు ఉండి ఈఎస్‌ఐ (ఉద్యోగుల బీమా) కట్ అవుతుంటే ఆ డబ్బు ఈఎస్‌ఐ నుంచి రావాలి. జీతం స్లిప్పులో ఈఎస్‌ఐ నంబరు ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. చదువు రాని అక్కలెవరైనా మీ బ్లాక్‌లో ఉంటే వాళ్ల స్లిప్పు కూడా ఒకసారి మీరే చూసిపెట్టండి.

నాన్నలకు ఏముంది?

రెగ్యులర్ ఉద్యోగులకు 15 రోజుల పెటర్నిటీ లీవ్. ఒంటరి తండ్రులకు కేంద్రంలో 2018 నుంచి చైల్డ్ కేర్ లీవ్ కూడా ఉంది. మా డిపార్ట్‌మెంట్‌లో ఒక స్కాలర్, భార్య బ్యాంకు ఉద్యోగానికి వెళితే పొద్దున పూట పాపను తనే చూసుకుని మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా ల్యాబ్ చేశాడు. గైడ్ దానికి ఒప్పుకున్నారు. అడిగాడు కాబట్టే ఒప్పుకున్నారు. మగవాళ్లు ఈ విషయాలు అడగకపోవడం వల్లే ఇదంతా ఆడవాళ్ల సమస్యగా మిగిలిపోయింది.

డే కేర్ మంచిదో కాదో ఎలా తెలుసుకోవాలి?

మధ్యాహ్నం ఒంటిగంటకు, చెప్పకుండా వెళ్లండి. పొద్దున పదింటికి వెళితే రంగు బొమ్మలు, నవ్వే టీచర్లు కనబడతారు. ఒంటిగంటకు అన్నం తినే వేళ, నిద్రపోయే వేళ. అసలు సంగతి అప్పుడే తెలుస్తుంది.

మా పాపకు పదకొండు నెలలప్పుడు అలా రెండు చోట్లకు వెళ్లాను. మొదటిదాని బోర్డు పెద్దది, ఏసీ గది. పద్నాలుగు మంది పిల్లలు టీవీ ముందు, ఒక్కటే ఆయా. ఒక బాబు నిక్కరు తడిసి, తడిసినట్టే ఆరిపోతోంది. వాడు ఏడవడం కూడా లేదు. పిలిస్తే ఎవరూ రారని అలవాటు పడ్డ బిడ్డ ఏడవడం మానేస్తుందని ఆ రోజు అర్థమైంది. రెండోది రెండు గదుల పాత ఇల్లు. ఆయా పీట మీద కూర్చుని పిల్లల చేతులు ఒక్కొక్కటే కడుగుతోంది. స్టీలు గ్లాసుల అడుగున గోళ్ల రంగుతో చుక్కలు పెట్టి ఉన్నాయి. ఎరుపు చుక్క ఒకరిది, రెండు చుక్కలు ఇంకొకరివి. ఎవరి గ్లాసు ఎవరిదో కలవకుండా. అడిగితే, ‘జలుబులు ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటాయమ్మా, అందుకే’ అంది. అక్కడే చేర్పించాను.

కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2018లో క్రెష్‌ల కోసం ఇచ్చిన మార్గదర్శకాలు మీ కొలబద్దగా పెట్టుకోవచ్చు. మూడేళ్ల లోపు పిల్లలైతే ప్రతి పదిమందికి, ఆ పైవాళ్లైతే ప్రతి ఇరవైమందికి శిక్షణ పొందిన ఒక మనిషి, తోడుగా సహాయకురాలు ఉండాలి. పనిచేసే చోటికి 500 మీటర్ల లోపు ఉంటే మంచిది. గది కింది అంతస్తులో ఉండాలి. ఒక్కో బిడ్డకు కనీసం 10 నుంచి 12 చదరపు అడుగుల చోటుండాలి. ఇవి కాక నేను చూసేవి కొన్ని చెబుతాను. నీళ్ల సంపు మూత వేసి ఉందా? మెట్లకు అడ్డం ఉందా? కరెంటు ప్లగ్గులు ఏ ఎత్తులో ఉన్నాయి? గేటు దగ్గర బిడ్డను ఎవరికి అప్పగిస్తారో రాసుకునే రిజిస్టర్ ఉందా? ఆయా ఎన్నేళ్లుగా ఉంది? ఈ చివరి ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. ఆర్నెల్లకొక ఆయా మారే చోట జీతం సరిగ్గా ఇవ్వడం లేదని అర్థం. మీరు ఎప్పుడొచ్చినా లోపలికి రానివ్వాలి. ‘పిల్లలు డిస్టర్బ్ అవుతారు, బయటే ఉండండి’ అనే చోట చేర్పించకండి.

ఇంట్లోనే ఆయాను పెట్టుకుంటే?

ఏడాది లోపు బిడ్డకు ఇదే నయం, మనిషి దొరికితే. ఆధార్ కాపీ తీసుకుని దగ్గరి పోలీస్ స్టేషన్‌లో వెరిఫికేషన్ చేయించండి. అందులో అనుమానించినట్టేమీ లేదని ఆమెతోనూ చెప్పండి. మీరు ఇంట్లో ఉండగానే కనీసం పదిహేను రోజులు పని అలవాటు చేయండి. బిడ్డ పని, ఇంటి పని కలపకండి. గిన్నెలు తోముతూ పాకే బిడ్డను ఎవరూ చూడలేరు. వారానికి ఒక సెలవు, జబ్బు చేస్తే జీతం కోయకపోవడం, పండక్కి చీర. వీటి దగ్గర లెక్క చూసుకుంటే ఆమె మనసు మీ బిడ్డ మీద నిలవదు. ఆమెకూ ఇంట్లో పిల్లలుంటారు, వాళ్లను వదిలి మీ బిడ్డను ఎత్తుకుంటోంది.

‘ఏడాదిపాటు మా దగ్గర వదిలేయండి’ అని ఊళ్లో అమ్మావాళ్లు అంటున్నారు. పంపొచ్చా?

ఈ ప్రశ్న అడిగేటప్పుడు చాలామందికి కళ్లలో నీళ్లు తిరుగుతాయి. మన ఇళ్లలో ఇది కొత్త కాదు. అమ్మమ్మ దగ్గర పెరిగిన పిల్లలు చక్కగా పెరిగారు. తప్పు చేస్తున్నామని కుమిలిపోవాల్సిన పనిలేదు. కానీ వీలైతే బిడ్డను పంపడం కంటే అమ్మమ్మనో నానమ్మనో మీ దగ్గరికి తెచ్చుకోండి. క్వార్టర్స్ దొరకకపోతే క్యాంపస్ గేటు దగ్గర ఒక గది. మామగారు ఊళ్లో ఒంటరిగా ఉండాల్సి వస్తే అత్తగారు మూడు నెలలు, అమ్మ మూడు నెలలు వంతులు వేసుకోవచ్చు. పెద్దవాళ్లకు మోకాళ్ల నొప్పులు, షుగరు ఉంటాయి. పాకే బిడ్డ వెనక రోజంతా పరిగెత్తమనడం భావ్యం కాదు. సగం పూట డే కేర్, సగం పూట అమ్మమ్మ అయితే ఇద్దరికీ సుఖం.

పంపక తప్పకపోతే రోజూ ఒకే వేళకు వీడియో కాల్ చేయండి. పదిహేను రోజులకొకసారైనా వెళ్లి రెండు రాత్రులు బిడ్డ పక్కనే పడుకోండి.

పాలు ఎలా?

బిడ్డకు 15 నెలలు వచ్చేవరకు పని మధ్యలో పాలివ్వడానికి విశ్రాంతి సమయం కాక మరో రెండు విరామాలకు చట్టంలో అవకాశం ఉంది. పిండిన పాలు మామూలు గది వేడిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటాయంటారు. మన ఏప్రిల్, మే ఎండల్లో ఆ నాలుగు గంటలు నమ్మొద్దు, ఐసు ప్యాక్ ఉన్న డబ్బాలో పెట్టండి. పిండుకోవడానికి బాత్రూమ్‌లోకి వెళ్లకండి. తలుపు గడియ ఉన్న ఒక గది, ఒక కుర్చీ, ఒక ప్లగ్గు కావాలని హెచ్‌ఓడీని అడగండి. ఏ డిపార్ట్‌మెంట్‌లోనైనా పాత ఫైళ్లు పెట్టిన గది ఒకటి ఉంటుంది.

బిడ్డకు జ్వరమొచ్చిన రోజు? డే కేర్ హఠాత్తుగా మూసేస్తే?

జ్వరంతో పంపకండి. మీ బిడ్డ కోసమే కాదు, అక్కడున్న మిగతా పిల్లల కోసం కూడా. అందుకే ఏర్పాటు ఒకటి కాదు, రెండుండాలని ఎప్పుడూ చెబుతాను. పాపను చేర్చిన మూడో నెలలో ఒకరోజు నా సెమినార్ మధ్యలో డే కేర్ మూసేశారు. ఆయా రాలేదట. నాకు ఫోన్ రాలేదు. నేను వెళ్లేసరికి మా పాప వాచ్‌మన్ తాత ఒళ్లో కూర్చుని ఆయన ఈల పట్టుకుని ఆడుతోంది. ఆ తాతకు చేతులెత్తి దండం పెట్టాను. ఆ సాయంత్రమే పక్క బ్లాకులో ఇద్దరు తల్లులతో మాట్లాడుకుని, ఒకరికి ఇబ్బందైతే ఇంకొకరం బిడ్డను తెచ్చుకునేలా డే కేర్ రిజిస్టర్‌లో ముగ్గురి పేర్లూ రాయించాం. రెండేళ్లలో ఆ ఏర్పాటు ఎన్నిసార్లు ఆదుకుందో లెక్కలేదు.

ల్యాబ్‌కు, క్లాస్‌కు, లైబ్రరీకి తీసుకెళ్లొచ్చా?

రసాయనాలు, మిషన్లు ఉన్న ల్యాబ్‌కు ఒక్క నిమిషం కూడా వద్దు. క్లాస్‌కైతే టీచర్ ఒప్పుకుంటే అప్పుడప్పుడు ఫర్వాలేదు. నా క్లాస్‌లో ఎప్పుడూ కాదనలేదు. హాస్టళ్లలో మాత్రం మామూలుగా పిల్లల్ని ఉండనివ్వరు. జేఎన్‌యూలో మహానది లాంటి పెళ్లయిన స్కాలర్ల హాస్టల్ ఉంది, అలాంటివి అన్నిచోట్లా రావాలి.

అంగన్‌వాడీకి పంపొచ్చా? మూడేళ్లు దాటాక ఏమిటి?

తప్పకుండా చూడండి. 1975 నుంచి ఉన్న వ్యవస్థ అది. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటపాటలు, అన్నం, గుడ్డు ఉచితంగా దొరుకుతాయి. టైము మాత్రం సాయంత్రం దాకా ఉండదు. కేంద్రం ‘పాల్నా’ పథకం కింద కొన్ని అంగన్‌వాడీలను ఆరు నెలల పిల్లల నుంచి చూసుకునే క్రెష్‌లుగా మారుస్తోంది. మీ దగ్గర ఉందేమో అంగన్‌వాడీ టీచర్‌నే అడగండి.

క్యాంపస్‌లో కేంద్రీయ విద్యాలయం ఉంటే, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఉన్నట్టు, ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలి. కొన్ని బడుల్లో అంతకు ముందు బాలవాటిక అనే చిన్నపిల్లల తరగతులు ఉంటాయి. ఉన్నత విద్యాసంస్థల్లోని కేవీల్లో ప్రవేశాలకు ఆ సంస్థ ఉద్యోగుల పిల్లలకు ప్రాధాన్యం ఉంటుంది. దీర్ఘకాలిక పరిశోధనలో ఉన్న పీజీ విద్యార్థుల పిల్లలకూ ఆ వరుసలో చోటుంది. ఈ సంగతి స్కాలర్లలో చాలామందికి తెలియదు. కేంద్ర ఉద్యోగులు నర్సరీ నుంచే పిల్లల విద్యా భత్యం తీసుకోవచ్చు, 2024 జనవరి నుంచి ఒక్కో బిడ్డకు నెలకు 2,812 రూపాయల 50 పైసలు.

విదేశాల్లో చదవడానికి బిడ్డతో వెళ్తున్నాం. ముందే తెలుసుకోవాల్సింది?

బ్రిటన్‌లో 2024 జనవరి నుంచి కోర్సు మొదలుపెట్టే మామూలు మాస్టర్స్ విద్యార్థులు భర్తను, భార్యను, పిల్లల్ని వెంట తెచ్చుకోలేరు. పీహెచ్‌డీ, పరిశోధన ప్రధానంగా ఉన్న కోర్సుల వాళ్లకు ఆ వీలుంది. అమెరికాలో ఎఫ్-2 వీసా (విద్యార్థి భార్యకో భర్తకో ఇచ్చేది) మీద వెళ్లినవాళ్లు ఉద్యోగం చేయకూడదు. అందుకని బిడ్డను చూసుకునేది వాళ్లే అవుతారు, రోజంతా ఒంటరిగా. అడ్మిషన్ రాగానే యూనివర్సిటీ చైల్డ్ కేర్ సెంటర్‌లో పేరు రాయించండి, అక్కడ వెయిటింగ్ లిస్టులు చాలా పొడవు.

మా క్యాంపస్‌లో క్రెష్ లేదు. ఎలా పెట్టించాలి?

ముందు లెక్క తీయండి. ఆరేళ్ల లోపు పిల్లలున్న టీచర్లు, ఆఫీసు సిబ్బంది, స్కాలర్లు, అవుట్‌సోర్సింగ్ వాళ్లు ఎంతమంది, పిల్లల వయసు, ఏ వేళల్లో అవసరం. ఒక నోట్‌బుక్ పట్టుకుని బ్లాకు బ్లాకూ తిరిగితే వారం పని. మెస్‌కూ, హౌస్‌కీపింగ్ గదికీ తప్పక వెళ్లండి, వాళ్లను ఎవరూ అడగరు. తర్వాత వాడకుండా ఉన్న ఒక కింది అంతస్తు గదిని మీరే చూసి పెట్టండి. నీళ్లు, బాత్రూమ్, నీడ ఉన్నది. అర్జీలో గది నంబరుతో సహా రాస్తే ‘స్థలం లేదు’ అన్న జవాబు రాదు. సంతకాలతో రిజిస్ట్రార్‌కు ఇచ్చి, ఒక కాపీ విమెన్స్ సెల్‌కు, ఒకటి టీచర్ల సంఘానికి, ఒకటి ఉద్యోగుల సంఘానికి ఇవ్వండి. నెల తర్వాత ఇన్‌వర్డ్ నంబరు పట్టుకుని ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి. పిల్లల్ని ఎత్తుకునే వెళ్లండి.